తిరుపతిలో కప్‌బోర్డులు చేయిస్తున్నారా? అడుగు రేటు ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి

కొర్లగుంటలో మా కొత్త ఇంటికి బెడ్‌రూమ్ కప్‌బోర్డు, వంటింటి పని ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పాం. చదరపు అడుగు 1,450 అన్నాడు. మరో ఇద్దరు 1,600 చెప్పారు కాబట్టి ఇదే నయమనుకుని అదే రోజు 50 వేలు చేతిలో పెట్టాను. కాగితం మీద ఏమీ రాయించుకోలేదు. అక్కడే దెబ్బతిన్నాం.

కప్‌బోర్డు ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. ముందు భాగం కొలిస్తే 49 చదరపు అడుగులు, అంటే 71,050 రూపాయలు. నేను వేసుకున్న లెక్క అదే. పనయ్యాక అతను టేపు లోపలికి పెట్టి అరలు కూడా కొలవడం మొదలుపెట్టాడు. ఏడడుగుల పొడవు, రెండడుగుల లోతు, ఐదు అరలు. ఇంకో 70 చదరపు అడుగులు! కప్‌బోర్డు ఒక్కదానికే 1,72,550 అయింది. "పలక పలకకీ కొలుస్తాం సార్, ఊళ్లో అందరూ ఇంతే" అన్నాడు. అందరూ అంతే కాదు. తర్వాత ఆ ఇద్దరినీ అడిగితే, వాళ్ల 1,600లోనే అరలు, బందులు, హ్యాండిళ్లు అన్నీ కలిసి ఉన్నాయి.

పైగా 18 శాతం జీఎస్టీ క్యాష్‌గా ఇమ్మన్నాడు. నంబరు అడిగితే లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు. నంబరుంటే 15 అక్షరాలు, మన రాష్ట్రానిది 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఆ జీఎస్టీ డబ్బు మాత్రం నేను ఇవ్వలేదు. గొడవపడి కప్‌బోర్డుకు 1,10,000 దగ్గర తెంచుకున్నాం.

రెండు నెలలకు సింకు కింద పలక ఉబ్బి మైకా లేచింది. తడికి తట్టుకునే ఐఎస్ 710 ప్లైవుడ్ వేస్తానని చెప్పిన చోటే. పలక ఊడదీసి టార్చి వేసి చూస్తే వెనక ఐఎస్ 303 ముద్ర, అంటే సాధారణ వాడకం ప్లైవుడ్.

అతను లాభం వేసుకున్నాడని నా బాధ కాదు. సామాను, కూలి, తరుగు, ఆటో బాడుగ పోను తన కష్టానికీ మిగలాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ అంచనాల్లోనే కాంట్రాక్టరు లాభం, పైఖర్చులకని 15 శాతం కలుపుతారు. ఆ లెక్కేదో ముందే చెప్పి ఉంటే 1,800 అయినా ఇచ్చేవాళ్లం.

మీరు మాత్రం బొమ్మ గీయించి, ఎక్కడ నుంచి ఎక్కడికి కొలుస్తారో దాని మీదే రాయించి సంతకం పెట్టించుకోండి. మైకా అంటించకముందే ప్రతి పలక మీద ముద్ర ఫొటో తీసుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఉబ్బిన పలకను ముద్ర చెరగకుండా గుడ్డ చుట్టి అటక మీద దాచాను.