క్వయర్ ప్రోగ్రాంకి "చారిటీ ప్యాకేజీ" తీసుకుంటున్నారా? టికెట్ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో ముందు చూడండి

నవంబరు వచ్చిందంటే గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల క్వయర్లన్నీ (కలిసి పాడే బృందాలు) క్యారల్స్, అంటే క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో పడతాయి. ఈమధ్య చాలామంది ఊరికే పాడి వెళ్లిపోకుండా, టికెట్ పెట్టి వచ్చిన డబ్బు ఏదో ఒక మంచి పనికి ఇస్తున్నారు. సరిగ్గా ఈ సీజన్ చూసుకునే "చారిటీ ఈవెంట్ ప్యాకేజీ" అమ్మేవాళ్లు దిగుతున్నారు. పోయిన క్రిస్మస్‌కి మా క్వయర్ ఆ ప్యాకేజీ తీసుకుంది. 1,14,000 రూపాయల టికెట్లు అమ్ముడుపోతే మా చేతికొచ్చింది 18,580. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి వాళ్ల పేరు రాయడం లేదు. పద్ధతి మాత్రం పూసగుచ్చినట్టు రాస్తాను. పేరు తెలిస్తే వాళ్లొక్కరి నుంచే తప్పించుకుంటారు, పద్ధతి తెలిస్తే ఎవరొచ్చినా పట్టుకోవచ్చు.

మేం ముప్ఫై ఆరుగురం. సగం మంది చర్చి వాళ్లు, మిగతా సగం పాట మీద ఇష్టంతో చేరినవాళ్లు. టెనర్‌లో (మగవాళ్ల పైస్థాయి గొంతు) ఒక ఆర్టీసీ కండక్టర్ ఉన్నాడు, ఆల్టోలో (ఆడవాళ్ల కిందిస్థాయి గొంతు) ఇద్దరు నర్సులు. డబ్బు తలసేమియా పిల్లల కోసం అనుకున్నాం. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించేకొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, దాన్ని తగ్గించే మందు రోజూ వాడాలి. రక్తం దాతలు ఇస్తారు గానీ మందులకీ, రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లకీ డబ్బు కావాలి. మా నర్సులు ఆ వార్డు చూసినవాళ్లు కాబట్టి ఎవరికివ్వాలి అన్న దాని మీద పెద్ద చర్చ కూడా జరగలేదు.

ప్యాకేజీ ఇదీ: సౌండ్, లైట్లు, స్టేజీ వెనక ఎల్ఈడీ తెర, పోస్టర్లు, ఆన్‌లైన్ టికెట్లు, గేటు దగ్గర మనుషులు, అన్నీ కలిపి 65,000. అడ్వాన్సు 25,000. మిగతా 40,000 "టికెట్ల డబ్బులో పట్టుకుని బ్యాలెన్స్ మీకు వేసేస్తాం బ్రదర్, సేవా కార్యక్రమం కదా, మాకేం లాభం వద్దు" అన్నాడు ప్యాకేజీ అమ్మినతను. అడ్వాన్సు పడేదాకా మేమంతా బ్రదర్లం, సిస్టర్లం. ప్రోగ్రాం అయ్యాక లెక్క అడిగిన దగ్గర్నుంచి "సార్" అయిపోయాం.

ఆ ఒక్క వాక్యంలోనే, టికెట్ల డబ్బులో పట్టుకోవడం అన్నదాంట్లోనే, మొత్తం ఉంది. పోస్టర్ మీద వేసిన క్యూఆర్ కోడ్ వాళ్లది. జనం స్కాన్ చేసిన ప్రతి మూడొందలూ నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లింది. పని బాగాలేకపోతే డబ్బు ఆపే అవకాశం కొనేవాడికి ఉండాలి. ఇక్కడ కొనేది మేం, ఆపింది వాళ్లు.

ప్రోగ్రాం రోజు సంగతి చెప్తాను, సౌండ్ తీసుకునేవాళ్లకి పనికొస్తుంది. క్వయర్‌కి మైకు పెట్టడం వేరు, పెళ్లి స్టేజీకి పెట్టడం వేరు. చేతిలో పట్టుకునే మైకు నోటి దగ్గరున్న గొంతునే లాక్కుంటుంది. నాలుగు వరసల్లో నిలబడి పాడేవాళ్లకి దూరం నుంచి కూడా గొంతు అందుకునే కండెన్సర్ మైకులు కావాలి. వాటిని ఎత్తు స్టాండ్ల మీద, కాస్త దూరంగా, ఒకదానికొకటి ఎడంగా పెట్టాలి. మిక్సర్ నుంచి వాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగలోంచే అందే కరెంటు, వెళ్లాలి. మాకు మాటిచ్చింది అవే, నాలుగు. వచ్చినవి ఆరు కార్డ్‌లెస్ మైకులు, రెండు పెద్ద బేస్ బాక్సులు. అంటే డీజే సెట్టు. మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్ అని చెప్పి ఐదుంపావుకి వ్యాను దించారు. ఆరింటికి ప్రోగ్రాం.

వాళ్ల సౌండ్ కుర్రాడు మైకుల్ని స్టాండ్లకి బిగించి ముందు వరస ముందర నిలబెట్టాడు. హాల్లో వినపడింది ముప్ఫై ఆరు గొంతులు కాదు, ముందు నిలబడ్డ ముగ్గురు సొప్రానోలు, అంటే పైస్థాయి ఆడగొంతులు. ఆల్టో లేదు, మగవాళ్ల కిందిస్థాయి బాస్ లేదు. వాల్యూం పెంచితే కూత. తగ్గిస్తే మళ్లీ ఆ ముగ్గురే. పైగా యాంకర్ మైకుకి పెట్టే ఎకో మా మైకులకీ పెట్టేశాడు. ఒక చరణం ముగిసేలోపు దాని తోక వచ్చి రెండో చరణం మీద పడుతోంది. ఇంటర్వెల్‌లో మా డైరెక్టర్ గారు మైకులన్నీ ఆపించి, పియానో మూత పూర్తిగా తెరిపించి, బృందాన్ని రెండడుగులు ముందుకు జరిపారు. రెండో సగం మైకు లేకుండానే పాడాం. నాలుగొందల సీట్ల హాలే కాబట్టి వెనక వరసకి కూడా వినిపించింది. మీ హాలు అంతే అయితే అసలు క్వయర్‌కి మైకే వద్దు, మాట్లాడేవాళ్లకి ఒకటి చాలు. ఈ ముక్క సౌండ్ అమ్మేవాళ్లు ఎప్పటికీ చెప్పరు.

సీట్ల గొడవ ఇంకొకటి. ఆన్‌లైన్‌లో అమ్ముడైనవి 380. వాటి మీద మాకు చెప్పకుండా "వీఐపీ పాసులు" కొట్టించి వాళ్ల వేరే కస్టమర్లకి పంచారు. ముందు రెండు వరసలు వాళ్లవే. డబ్బిచ్చి వచ్చినవాళ్లు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. 1742లో డబ్లిన్‌లో హాండెల్ అనే సంగీతకర్త తన "మెస్సయ్య" ఓరటోరియోని (క్వయర్, వాద్యాలతో పాడే పెద్ద భక్తి సంగీత రచన) మొదటిసారి వినిపించింది కూడా ఇలాంటి దాతృత్వ కార్యక్రమంలోనే. ఎక్కువమంది పట్టాలని ఆడవాళ్లని గౌన్ల కింది చట్రాలు లేకుండా, మగవాళ్లని నడుం కత్తులు లేకుండా రమ్మని ముందే ప్రకటించారు. ఆ డబ్బుతో అప్పుల కింద జైల్లో ఉన్న 142 మంది బయటికొచ్చారు. అక్కడ జనాన్ని సర్దుకోమన్నది ఖైదీల కోసం. మా దగ్గర ఎవరి కోసమో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక లెక్క. పండగ వెళ్లి, సంక్రాంతి కూడా వెళ్లాక, వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. లెటర్‌హెడ్ లేదు, బిల్లు నంబరు లేదు. లక్షా పద్నాలుగు వేలలో ప్యాకేజీ బ్యాలెన్స్ నలభై వేలు తీస్తే 74,000 రావాలి కదా. అందులోంచి ఇంకా ఇవి తీశారు: ప్లాట్‌ఫాం ఫీజు పది శాతం 11,400, టికెట్ల మీద జీఎస్టీ 20,520, మ్యూజిక్ లైసెన్స్ 9,000, జనరేటర్ డీజిల్ 6,500, ఎల్ఈడీ ఎక్స్‌ట్రా టైం 8,000. ఆ రాత్రి కరెంటు పోనేలేదు. జనరేటర్ స్టార్ట్ చేసిన చప్పుడు ఎవరూ వినలేదు. డీజిల్ మాత్రం తాగింది.

జీఎస్టీ ముక్క అందరికీ తెలియాలి. సంగీత కార్యక్రమం టికెట్ మనిషికి 500 రూపాయలు దాటకపోతే దాని మీద జీఎస్టీ లేదు, మినహాయింపు ఉంది. మా టికెట్ మూడొందలు. అయినా పద్దెనిమిది శాతం కోసేశారు. మా ట్రెజరర్ మేడమ్ రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ గొడవేం పడలేదు, "జీఎస్టీ నంబరు చెప్పండి బాబూ, బిల్లు మీద రాసుకోవాలి" అని అడిగారంతే. రెండు రోజులు నాన్చి పంపాడు. జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా, లాగిన్ కూడా లేకుండా, ఆ పదిహేను అక్షరాల నంబరు కొట్టి చూసుకోవచ్చు. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్, ఆంధ్రాకి 37, తెలంగాణకి 36. కొట్టి చూస్తే ఆ రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దయింది. రద్దయిన నంబరు మీద పన్ను వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ స్క్రీన్‌షాట్ పంపిన తర్వాతే మొదటిసారి తనంతట తనే ఫోన్ చేశాడు.

మ్యూజిక్ లైసెన్స్ ఇంకా చిత్రం. "పీపీఎల్" అని రాశాడు. పీపీఎల్ అనే సంస్థ ఇచ్చే లైసెన్స్, రికార్డు చేసిన పాటలు వినిపించడానికి. గొంతుతో పాడే పాటకి, దాని సాహిత్యానికీ బాణీకీ సంబంధించిన హక్కులు చూసేది ఐపీఆర్ఎస్ అనే ఇంకో సంస్థ. మేం పాడింది మొత్తం లైవ్, పియానో, తబలాతో. అందులోనూ ఎక్కువ భాగం పాత కీర్తనలు, పాత క్యారల్స్. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు పోయి అరవై ఏళ్లు దాటితే మన చట్టంలో ఆ పాటకి కాపీరైట్ ఉండదు. ఆ సాయంత్రం హాల్లో మోగిన రికార్డు పాటలంటారా, జనం కూర్చునేలోపు ఆ కుర్రాడే బేస్ పెంచి వేసిన సినిమా పాటలు! క్వయర్ ప్రోగ్రాంకి తెల్లచీరలు కట్టుకుని వచ్చిన పెద్దావిడలు మొహమొహాలు చూసుకున్నారు. వద్దని మేం ఆపించిన పాటలకి మా చేతే లైసెన్స్ డబ్బు కట్టించారన్నమాట. కట్టిన రసీదు చూపించమంటే "ఆఫీసులో ఉంది సార్".

అలాగని లైసెన్స్ అసలు అక్కర్లేదని చెప్పడం లేదు. కాపీరైట్ చట్టంలో ఔత్సాహిక బృందాలకి వెసులుబాటు ఉంది, కానీ అది టికెట్ డబ్బు కట్టని ప్రేక్షకుల ముందు పాడితేనో, మత సంస్థ ప్రయోజనం కోసం పాడితేనో. టికెట్ పెట్టి ఇంకో మంచి పనికి పాడితే, కొత్త పాటలకి అనుమతి చూసుకోవాల్సిందే. అది మీరే నేరుగా తీసుకోండి, మీ పేరు మీద కాగితం వస్తుంది.

ప్లాట్‌ఫాం ఫీజు అన్నది ఏ ప్లాట్‌ఫాం? యాప్ లేదు, సైట్ లేదు. క్యూఆర్ కోడ్, గూగుల్ ఫారం, అంతే. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో పంపితే తీసుకునేవాడి దగ్గర ఎండీఆర్ (వ్యాపారి దగ్గర బ్యాంకులు పట్టే ఫీజు) పట్టరు. అంటే సున్నా ఖర్చుకి పది శాతం.

వీటన్నిటికంటే మమ్మల్ని తలదించుకునేలా చేసింది పోస్టర్ మీద చిన్నక్షరాల్లో "80జి పన్ను మినహాయింపు కలదు" అని వాళ్లంతట వాళ్లే వేసుకున్న లైను. 80జి అంటే విరాళం ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు. మార్చిలో టికెట్ కొన్నవాళ్లు ఒక్కొక్కరే దానికి రసీదు అడగడం మొదలెట్టారు. టికెట్ కొని కచేరీ వింటే అది కొనుగోలు, విరాళం కాదు. 80జి అనుమతి ఉన్న సంస్థకి విడిగా ఇచ్చిన విరాళానికే ఆ సంస్థ సర్టిఫికెట్ ఇవ్వగలదు. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే దానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఎలాగూ లేదు. ఇవన్నీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. అందులో మా ఊరి పెద్ద డాక్టర్ గారొకరు, "పోనీలేవయ్యా, పిల్లలకెంత ఇచ్చారు?" అన్నారు. పద్దెనిమిది వేలు అని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత మేం తలా కొంత వేసుకుని ఆ మొత్తాన్ని పెంచి పంపాం, అది వేరే సంగతి.

మీరు ఈ ఏడు చేస్తుంటే నా మాట ఇది. క్యూఆర్ మీ సంఘం ఖాతాది అయ్యుండాలి. లేదా ఇంకా మంచిది, సాయం అందుకునే సంస్థదే. పోస్టర్ అచ్చుకి వెళ్లేముందు మీ ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి, డబ్బు కొట్టకముందే పేరు కనిపిస్తుంది. అది మీ పేరు కాకపోతే అక్కడే ఆపండి. ప్యాకేజీ అనే మాట వినగానే విడివిడి రేట్లు అడగండి, సౌండ్ ఎంత, తెర ఎంత, మనుషులు ఎంత అని. మా డబ్బులో ఎల్ఈడీ తెరకే సగం పోయిందని తర్వాత తెలిసింది, క్వయర్‌కి ఆ తెర ఎందుకో మాకే తెలియదు. ఏ మైకు, ఎన్ని, సౌండ్ చెక్ ఎన్నింటికి అన్నది కొటేషన్ మీద రాయించుకోండి. మూడో వంతు డబ్బు ప్రోగ్రాం మర్నాడు ఇచ్చేలా పెట్టుకోండి. ఒప్పుకోకపోతే ఇంకొకళ్లని చూసుకోండి. ఊళ్లో టెంట్ హౌస్ వాళ్లు, మైకుసెట్టు వాళ్లు ఉన్నారు, వాళ్లు అంత నునుపుగా మాట్లాడరు గానీ చెప్పిన రేటుకి చేస్తారు. ఆరుబయట పెడితే లౌడ్‌స్పీకర్‌కి పోలీసు అనుమతి మీరే వెళ్లి తెచ్చుకోండి, రాత్రి పదింటికల్లా ముగించండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి, ఆన్‌లైన్‌లో కూడా వెయ్యొచ్చు. వాట్సాప్ మెసేజీలు, పోస్టర్ ఫోటో, అడ్వాన్సు కొట్టిన స్క్రీన్‌షాట్ చెరపకుండా దాచుకోండి. ఫోన్లో మాట్లాడింది వెంటనే "మీరు చెప్పింది ఇదీ" అని మెసేజ్ పెట్టెయ్యండి, అవతలివాడు "ఓకే" అన్నా చాలు.

మా వరకు, జీఎస్టీ పేరుతో కోసిన 20,520 రెండు విడతల్లో వెనక్కి వచ్చింది, పిల్లల ఖాతాకి వెళ్లిపోయింది. డీజిల్, ఎల్ఈడీ, ప్లాట్‌ఫాం ఫీజు మీద 1915లో ఫిర్యాదు నడుస్తోంది. తొమ్మిది వేల లైసెన్స్ కాగితం మాత్రం ఇంకా ఆఫీసులోనే ఉందట.