మూడేళ్ళ మచ్చా, దాని రంగుతో నా గొడవ

మచ్చా అంటే జపాన్‌వాళ్ళు మెత్తగా విసిరి వాడే పచ్చటి తేయాకు పొడి. దాని గురించి చెప్పేవాళ్ళు ముందు రుచి ఎత్తుకుంటారు, ఆ తర్వాత ఆరోగ్యం. నా గొడవంతా దాని రంగుతో. కొత్త డబ్బా మూత తీయగానే నారుమడిలా కళ్ళకు కొట్టే ఆ పచ్చదనం నా వంటింట్లో ఎన్నిసార్లు ఖాకీకి తిరిగిందో లెక్కలేదు. మూడేళ్ళుగా రోజూ వాడుతున్నా ఆ బాధ ఇంకా పూర్తిగా తీరలేదు.

మేముండేది టోక్యోలో, నిషికసాయిలో. కందిపప్పూ కరివేపాకూ నడిచివెళ్ళే దూరంలో దొరుకుతాయి, ఫిల్టర్ కాఫీ పొడి కూడా. అంచేత కాఫీకి కరువై దీనికి మారాననుకోకండి. ఆఫీసులో ఎవరో చేతిలో పెట్టిన చిన్న డబ్బాతో అలవాటైంది. మొదటిసారి వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "ఒరేయ్, గోరింటాకు పొడి తాగుతున్నావేంట్రా?" అంది. పేరు చెప్తే ఇంకా నవ్వింది. బయటి దేశాల్లో 'మాచా' అని సాగదీస్తారు గానీ ఇక్కడ 'మచ్చా' అని ఒత్తే పలుకుతారు. తెల్ల చొక్కా మీద ఒలికితే ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

రోజూ తాగడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక టీస్పూను, అంటే సుమారు రెండు గ్రాముల పొడి జాలీలో జల్లించి, మరిగి కాస్త చల్లారిన నీళ్ళు పోసి గిలక్కొట్టడమే. 80 డిగ్రీలు దాటితే చేదు పైకి తేలుతుంది. నారా దగ్గర తకయామాలో ఒకే వెదురు ముక్కను సన్నగా చీల్చి చేసే కవ్వం ఉంటుంది, చాసెన్ అంటారు. మోజుపడి కొన్నాను. ఆరు నెలల్లో పుల్లలు విరగడం మొదలైంది. తప్పు దానిది కాదులెండి, మజ్జిగ చిలికినట్టు చిలికాను. ఇప్పుడు బ్యాటరీతో తిరిగే నురగ మిషన్‌తో కానిచ్చేస్తున్నాను. వేసవిలో ఆ శ్రమ కూడా ఉండదు. మూత గట్టిగా ఉన్న సీసాలో పొడీ చల్లటి నీళ్ళూ వేసి ఊపి, పాలు కలుపుకుంటాను. పంచదార వేసుకునేవాళ్ళు పొడిని ముందు పంచదారతో కలిపేస్తే ఉండలు కట్టదు.

ఇక అసలు కథ. రెండేళ్ళ కిందట జూన్‌లో, ఇక్కడ అది వానల నెల, చవగ్గా వస్తోందని వంద గ్రాముల పొట్లం కొన్నాను. ఇంట్లో తాగేది నేనొక్కణ్ణే. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, నోటికి క్లిప్ తగిలించి, చాలా జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. రోజూ పొద్దున్నే తీయడం, ఆ చల్లదనం మీదే విప్పడం, చెంచాడు తీసుకుని మళ్ళీ లోపల పెట్టడం. చల్లటి పొట్లాన్ని వానాకాలపు గాలిలో విప్పిన ప్రతిసారీ లోపలికి చెమ్మ చేరుతోందని నాకు తట్టనే లేదు. పక్కన అమ్మ పంపిన ఇంగువ డబ్బా, ఆవకాయ సీసా. ఆగస్టుకల్లా పొడి చిన్న చిన్న ఉండలు కట్టింది. సముద్రపు నాచును తలపించే ఆ కమ్మటి వాసన పోయి, పాత వరిగడ్డి వాసన వచ్చింది. దాని వెనకే సన్నగా ఇంగువ. రంగు కూడా తగ్గే ఉంటుంది గానీ, రోజూ చూసే కంటికి ఏం తెలుస్తుంది?

ఆ దీపావళికి ఎదురింటి జపాన్ పెద్దాయననీ ఆవిడనీ భోజనానికి పిలిచాం. వాళ్ళ మచ్చాతో మన పాలకోవా చేసిపెడదామన్నది నా తెలివి. రెండు లీటర్ల పాలు పొయ్యి మీద పెట్టి గరిటె పట్టుకుని నిలబడ్డాను. బాగా కలుస్తుందని పాలు సగం ఇగరగానే మచ్చా వేసేశాను. పది నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత నాచు రంగు, తర్వాత ఖాకీ. దింపేసరికి, ఏమని చెప్పను, పిడకలు కొట్టే ముందు కలిపే ముద్ద గుర్తుందా, అచ్చం అది. మా ఆవిడ చూసి ఒక్క మాట అనలేదు, నాకు దాంతోనే టెన్షన్ పట్టుకుంది. పైన జీడిపప్పు అద్ది వడ్డించాను. పెద్దావిడ ఒక ముక్క కొరికి, కాసేపు ఆలోచించి, "మెజురషీ" అంది. అపురూపం అని చెప్పుకోవచ్చు, వింతగా ఉందనీ చెప్పుకోవచ్చు. రెండో ముక్క మాత్రం తీసుకోలేదు.

కాసేపాగి, పొట్లం ఎప్పుడు విప్పారని మెల్లగా అడిగింది. జూన్‌లో అన్నాను. ఆవిడ తల ఊపిన తీరులో నాకంతా అర్థమైంది. వాళ్ళింట్లో 20 గ్రాముల డబ్బాలే కొంటారట. విప్పనివి ఫ్రిజ్‌లో ఉంటాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత ముట్టుకోరు, విప్పినదాన్ని నెలలోపు అవగొడతారు. టీ సంప్రదాయం పాటించేవాళ్ళయితే ఇంకా పట్టింపుగా ఉంటారట. మే నెల ఆకును జాడీలో పెట్టి మూసి, నవంబరులో 'కుచికిరి' అని ఒక వేడుకలా విప్పి, అప్పుడు తిరగలిలో విసురుతారు. గంటంతా తిప్పితే వచ్చేది సుమారు 40 గ్రాములు. దాచేది ఆకుని, పొడిని కాదు. అది వింటుంటే మా నాన్న గుర్తొచ్చాడు. విజయవాడలో కాఫీ గింజలు వారానికి వంద గ్రాములే మర పట్టించుకొచ్చేవాడు. ఒకేసారి పావుకిలో తెచ్చుకోవచ్చుగా అంటే వినేవాడు కాదు. అమ్మకి ఇదంతా చెప్తే, "గోరింటాకు పొడి మాత్రం చెమ్మ తగిలితే పండుతుందా?" అని తేల్చేసింది.

నిజానికి కొత్త పొడి వేసినా ఆ కోవా పచ్చగా వచ్చేది కాదు, ఇంత ఘోరంగా ఉండేది కాదంతే. గోంగూర మూకుట్లో పడగానే ఎలా ఖాకీకి తిరుగుతుందో చూస్తూనే ఉంటాం కదా. ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్‌లో మెగ్నీషియం ఉంటుంది. పులుపు తగిలినా, ఎక్కువసేపు వేడి తగిలినా అది జారిపోతుంది. గోంగూరలో రెండూ కలుస్తాయి, నా కోవాకి వేడి ఒక్కటే చాలింది. ఈ తేయాకుకి క్లోరోఫిల్ బాగా పట్టాలనే కోతకు మూడు వారాల ముందు నుంచి పందిళ్ళు వేసి నీడలో పెంచుతారు. అలా పెంచినదాన్ని నేను ముప్పావుగంట ఉడకబెట్టాను.

అనుకోకుండా కలిసొచ్చింది కొబ్బరి లౌజు. బెల్లంతో కాదు, పంచదారతో చేసే తెల్ల లౌజు. పాకంలో కొబ్బరి దగ్గరపడ్డాక పొయ్యి ఆపేసి, ఉండలు చుట్టే వేడికి వచ్చాక మచ్చా కలిపితే రంగు చెక్కుచెదరలేదు. కొబ్బరి తీపి మొహం మొత్తేలోపు ఆ చేదు వచ్చి కోసేస్తుంది. కిందటేడు దీన్ని తెలిసినవాళ్ళందరికీ తెగ పొగిడాను. ఇప్పుడు ఒక మెట్టు దిగి చెప్తాను: గాజు సీసాలో వెలుతురుకి పెడితే రెండో రోజుకే పైపొర వెలిసిపోతుంది. స్టీలు డబ్బాలో అయితే నాలుగు రోజులు ఆగింది.

మరి పొయ్యిలో కాల్చిన మచ్చా కేకులు అంత పచ్చగా ఎలా ఉంటాయని చాన్నాళ్ళు కుళ్ళుకున్నాను. ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో కేకుల సామాను అరలో ఒక పొట్లం వెనక చదివితే, రంగు కోసం క్లోరెల్లా, అంటే ఒక రకం పచ్చటి నాచు, కలిపామని ఉంది. అన్నిట్లో కలపరు. కలిపినవాళ్ళు దాచనూ లేదు, మనమే చదవం. వారం రోజులు అలిగి, తర్వాత కొన్నాను. కేకుకి బాగుంది, తాగడానికి వద్దు. ఇంకో మాట, పాలూ పంచదారా పడేచోట ఖరీదైనది దండగ. ఖరీదైన డబ్బాల మీద కనిపించే 'సెరిమోనియల్ గ్రేడ్' అన్న మాటకి ఇక్కడ అధికారిక కొలమానమేమీ లేదు. తీపి వంటలకని అమ్మే చవక రకానికి చేదు ఎక్కువ కాబట్టి పాలలో అదే తెలుస్తుంది.

మొదటి ఏడాది నేను చెప్పుకున్న ఇంకో గొప్ప, కాఫీ మానేశాక నిద్ర బాగా పడుతోందని. తీరా చూస్తే రెండు గ్రాముల మచ్చాలోనూ 60 మిల్లీగ్రాముల పైచిలుకు కెఫీన్ ఉంటుంది. సాయంత్రం ఐదింటికి పాలు కలిపిన మచ్చా తాగిన రోజు రాత్రి ఒంటిగంట దాకా సీలింగ్ చూస్తూ పడుకున్నాను. మధ్యాహ్నం మూడు దాటితే ఇప్పుడు ముట్టను. ఆదివారం ఫిల్టర్ కాఫీ ఎప్పుడు తిరిగొచ్చిందో కూడా గుర్తులేదు. మా ఆవిడకి రక్తం తక్కువ. ఇనుము వంటబట్టదు, భోజనం దగ్గర్లో టీలేవీ తాగొద్దని డాక్టరు చెప్పడంతో తను లౌజుతోనే సరిపెట్టుకుంటుంది.

ధర సంగతి వేరే చెప్పాలా? 2024 చివర్లో, మచ్చాకి పేరుపడ్డ ఉజి ఊళ్ళోని పాత దుకాణాలే మనిషికి ఇన్ని డబ్బాలని లెక్కపెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. 1,200 యెన్‌లకు కొన్న 30 గ్రాముల డబ్బాకి ఇప్పుడు 2,500 పైనే పెడుతున్నాను. ఇంట్లో తాగేది ఒక్కణ్ణే, పైగా దుకాణం దగ్గర, కాబట్టి నాకు గిట్టుబాటవుతోంది. నలుగురికి రోజూ కలపాలంటే మానేసేవాణ్ణేమో.

ఈ సంక్రాంతికి ఇంటికొచ్చేటప్పుడు రెండు డబ్బాలు తెమ్మని అమ్మ అడిగింది. లౌజు తనే చేసి చూస్తుందట. అక్కడి ఫ్రిజ్‌లో ఇంగువ ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు. 20 గ్రాములది ఒక్కటే కొన్నాను.