1999 మోడల్ టాటా 407: పదహారేళ్ల వాడకం, అందులో మూడు రోజుల మొండితనం

2008లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను ఈ బండిని. 1999 మోడల్, టర్బో లేని పాత ఇంజిన్. మాది కడియం పక్క ఊరు కాబట్టి లోడంటే మొక్కలే. హైదరాబాద్, బెంగళూరు ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో లెక్క రాసుకోలేదు. లోడుతో లీటరుకి తొమ్మిది, పది ఇస్తుంది, ఖాళీగా వస్తే ఇంకొంచెం ఎక్కువ. ఇంజిన్ 2,956 సీసీ. నాలుగు సిలిండర్లు, బోరు 97 మిల్లీమీటర్లు, అందుకే దీన్ని 497 అంటారు (పెద్ద లారీల 697 కూడా ఇదే లెక్క). సెన్సర్లు, కంప్యూటర్ లాంటివేవీ లేవు. డీజిల్ అందాలి, గాలి అందాలి, ఇంజిన్ గట్టిగా తిరగాలి, ఈ మూడూ ఉంటే స్టార్ట్ అయి తీరాలి.

అయి తీరాలి అన్నాను గానీ, రెండేళ్ల కింద జూన్‌లో మూడు రోజులు కాలేదు. ఈ సమీక్షలో సగం ఆ మూడు రోజుల గురించే, ఎందుకంటే పదహారేళ్లలో ఈ బండి గురించి నేను నేర్చుకున్నదంతా దాదాపు అప్పుడే నేర్చుకున్నాను.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది. రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ చూస్తే మజ్జిగ రంగు. హెడ్ విప్పి లెవెల్ కొట్టించాం, ఎలాగూ విప్పాం కదా అని డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కూడా పంపు షాపుకి పంపాం, పనిలో పనిగా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం ఛాసిస్‌కి పెయింట్ కూడా వేయించాను. ఐదో రోజు సాయంత్రం మేస్త్రి ఫోన్ చేసి "అయిపోయిందండి, వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మామిడి అంట్ల లోడు ఒప్పుకుని ఉన్నాను. వెళ్లి కీ తిప్పితే సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) నీరసంగా రెండు తిప్పులు తిరిగి ఆగిపోయింది.

అందరూ బ్యాటరీ డౌన్ అన్నారు. మీటర్ పెడితే 12.6 చూపిస్తోంది, అంటే నిండుగా ఉంది. అప్పుడు మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజిన్ బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు దాటకూడదు, రెండు దాటింది. బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి కలిపే ఎర్త్ పట్టీ తీసుకెళ్లి కొత్త పెయింట్ మీదే బిగించారు మరి. గీకి, ఉప్పు కాగితంతో రుద్ది బిగిస్తే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరిగింది. ఇంజిన్ మాత్రం అంటుకోలేదు.

ఇక్కడ చూడాల్సింది సైలెన్సర్ గొట్టం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు తెల్ల పొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది గానీ మండట్లేదని అర్థం, టైమింగో (డీజిల్ చిమ్మే సమయం) కంప్రెషనో చూసుకోవాలి. పొగే లేదంటే డీజిల్ చేరట్లేదు. మా బండికి చుక్క పొగ లేదు.

సరే, డీజిల్ లైన్లో ఎయిర్ పట్టిందని ఎయిర్ తియ్యడం మొదలుపెట్టాం. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు కొడుతూనే ఉన్నాం, నురగ ఆగదు. నేను పైపు కొట్టుకెళ్లి అడుగు పొడవు పారదర్శకంగా ఉండే పైపు తెచ్చి, ట్యాంకు నుంచి వచ్చే లైన్లో మధ్యలో పెట్టించాను. బుడగలు ఆ పైపులో లేవు, దాని తర్వాతే పుడుతున్నాయి. అంటే ట్యాంకు, దాని పైపు బాగానే ఉన్నాయి, గాలి లాగేది హ్యాండ్ పంపులోకి డీజిల్ వచ్చే చోటి జాయింట్. విప్పితే పాత రాగి వాషర్లే మళ్లీ వేసి ఉన్నాయి, ఒకటైతే గోటితో తడిమినా గాడి తెలుస్తోంది. కొత్తవి వేశాక నురగ ఆగింది, పంపు మీద స్క్రూ దగ్గర కూడా డీజిల్ నిండుగా వచ్చింది.

అప్పటికి రెండో రోజు రాత్రి. నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే నాలుగూ పొడిగానే ఉన్నాయి. మేస్త్రి ముందు టైమింగ్ మీద అనుమానపడ్డాడు. అది పొగ లేనప్పుడు పడాల్సిన అనుమానం కాదు, అయినా రాకర్ కవర్ విప్పి చూశాం. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 కదా, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద పైకొచ్చినప్పుడు నాలుగో దాని వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఉండాలి, అలాగే ఉన్నాయి, పంపు గుర్తు కూడా కలిసింది. ఇక మిగిలింది పంపు షాపు వాళ్లని తిట్టుకోవడం. పొద్దున్నే పంపు దించేద్దామని నిర్ణయం కూడా అయిపోయింది. ఇంకో నాలుగు రోజులు పోయినట్టే అనుకుని ఇంటికెళ్లి పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

మూడో రోజు పొద్దున టీ తాగుతూ మా బాబాయికి చెప్పాను. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. అంతా విని "స్టాప్ కేబుల్ చూశార్రా ఎవరన్నా?" అన్నాడు. డాష్ మీద నాబ్ పూర్తిగా లోపలికే ఉంది కాబట్టి ఎవరం దాని మొహం చూడలేదు. ఈ పాత బండ్లని ఆపేది కీ కాదు, ఆ నాబ్ లాగితేనే ఇంజిన్ ఆగేది. అది పంపు మీదున్న చిన్న లివర్‌ని లాగితే లోపల డీజిల్ ఎంత వెళ్లాలో చూసే ర్యాక్ జరిగి డీజిల్ కట్ అవుతుంది. షెడ్డుకెళ్లి పంపు వెనక చెయ్యి పెట్టి తడిమితే, లివర్ స్టాప్ వైపే బిగుసుకుని ఉంది. పంపు తిరిగి ఎక్కించినప్పుడు లివర్ లాగి ఉండగానే కేబుల్ క్లాంపు బిగించేశారు. పంపు నిండా డీజిల్ ఉన్నా నాజిళ్లకి చుక్క వెళ్లకపోవడం అందుకే. చిన్న పానాతో స్క్రూ అర చుట్టు వదిలానో లేదో, స్ప్రింగ్ లాగి లివర్ టక్కుమని వెనక్కొచ్చింది. నట్ల దగ్గర డీజిల్ చిమ్మాక బిగించి, రెండో సెల్ఫ్‌కి దడదడలాడుతూ లేచింది. తెల్ల పొగ ఒక నిమిషం, తర్వాత మామూలే.

మూడు తప్పులూ బండివి కాదని గమనించండి. రిపేరుకి ముందు నడిచిన బండి రిపేరు తర్వాత లేవలేదంటే నేనిప్పుడు చేతులు పడ్డ చోట్లే వరసగా వెతుకుతాను, పంపు విప్పడం చిట్టచివర. సెల్ఫ్ పది పదిహేను సెకన్లు కొట్టి ఒక నిమిషం ఆపుతాను, లేకపోతే ఆ టెన్షన్‌లో సెల్ఫ్ కూడా కాల్చుకుంటాం. నాజిల్ నట్టు వదులు చేసినప్పుడు చెయ్యి దాని ముందు పెట్టనివ్వను, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. స్టార్ట్ అవ్వడానికని గాలి గొట్టంలో స్ప్రేలు కొట్టే పని అసలు పెట్టుకోను.

మిగతా విషయాలు తక్కువే. క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చాను, సామాను ఎక్కడైనా దొరుకుతుంది. ఎండాకాలం క్యాబిన్‌లో కూర్చోవడం కష్టమే, లైనింగ్ ఎప్పుడో ఊడిపోయింది, మళ్లీ వేయించే ఓపిక నాకే లేదు. ఆ రోజు నుంచి స్టాప్ లివర్ దగ్గర తెల్ల పెయింట్‌తో గీత ఒకటి పెట్టి ఉంచాను, ఏ షెడ్డు నుంచి బండి తెచ్చుకున్నా ముందు ఆ గీత చూసుకునే కీ తిప్పుతాను. మామిడి అంట్లు మూడు రోజులు ఆలస్యంగా వెళ్లాయి, నలభై దాకా వాడిపోయాయి. వాటి డబ్బు కిరాయిలోంచి నేనే తగ్గించుకున్నాను.