ముసలి పిల్లికి తడి ఆహారం: మూడేళ్ళ వాడకం తరువాత

మా ఇంటి పిల్లి మల్లికి ఇప్పుడు 14 ఏళ్ళు. పదకొండో ఏడు వచ్చేదాకా అది పొడి గుళికలతోనూ, వారానికి రెండుసార్లు మేము ఉడకబెట్టి పెట్టే చేపముక్కతోనూ నిక్షేపంగా పెరిగింది. ఆ ఏడాది వేసవిలో బరువు 4.6 కిలోల నుంచి 3.9కి దిగిపోయింది, ఇసుకపెట్టెలో మూత్రంతో కట్టే ముద్దలు పెద్దవయ్యాయి, నీళ్ళగిన్నె దగ్గర ఎప్పుడూ లేనంతసేపు కూర్చోవడం మొదలుపెట్టింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి పంపవలసిన వ్యర్థం; అవి దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది) 2.1 ఉందనీ, మూత్రం పల్చబడిందనీ, ఇది మూత్రపిండాల జబ్బులో రెండో దశ అనీ మా పశువైద్యురాలు చెప్పారు. ఈ వయసు పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువైనా బరువు ఇలాగే తగ్గుతుంది కనుక ఆ పరీక్ష కూడా చేయించి, అది లేదని తేలాకే ఆహారం సంగతి మాట్లాడారు.

ఆవిడ చెప్పిన మొదటి మాట నీటి గురించి. పొడి గుళికల్లో తేమ నూటికి 8 నుంచి 10 పాళ్ళు మాత్రమే ఉంటుంది; పౌచ్‌లో వచ్చే తడి ఆహారంలో దాదాపు 80 పాళ్ళు నీరే. పిల్లికి దాహం సహజంగానే తక్కువ, తినే వేటలోంచే నీరు తెచ్చుకునే జంతువు అది. 85 గ్రాముల పౌచ్‌లు రోజుకు మూడు తింటే, గిన్నె ముట్టకుండానే 200 మిల్లీలీటర్ల నీరు కడుపులోకి చేరుతుంది. మూత్రాన్ని చిక్కగా చేయగల శక్తి తగ్గిపోయిన మూత్రపిండాలున్న పిల్లికి ఈ నీరే పెద్ద ఆసరా.

అయితే పౌచ్ ఎంచుకోవడంలో మొదట నేను చేసింది తప్పే. పైన బొమ్మ చూసి, లోపల ట్యూనా పీచులు కళ్ళకు కనిపిస్తున్నాయని ఒక రకం కొన్నాను. మల్లి గిన్నె నాకి నాకి మెరిసేలా చేసేది. రెండు నెలల తరువాత, వెనుక చిన్న అక్షరాలలో ‘కాంప్లిమెంటరీ’ అని ఉండడం చూశాను. అంటే అది నంజుకునే వస్తువే గాని, పూటకూడు కాదు. పిల్లికి రోజువారీ భోజనంగా పెట్టదలచినదాని మీద ‘కంప్లీట్’ అనే మాట ఉండి తీరాలి. టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికాలో పరిశోధకులు నిరూపించాకనే సంస్థలు తమ ఆహారాల్లో దాని మోతాదు పెంచాయి. నంజుకునే పౌచ్‌లలో ఆ లెక్క సరిపోతుందన్న భరోసా లేదు.

రెండో పాఠం ‘సీనియర్’, ‘7+’ అనే ముద్రల గురించి. అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో పట్టికలో పిల్లులకు రెండే విభాగాలున్నాయి: ఎదిగే పిల్లలకూ తల్లులకూ ఒకటి, పెద్ద పిల్లులకు ఒకటి. ముసలి పిల్లికంటూ విడిగా ప్రమాణమేదీ లేదు కనుక ఆ ముద్ర వెనుక ఏముందన్నది తయారుచేసే సంస్థ ఇష్టం. అందుకే నేను ముందువైపు చదవడం మానేసి, వెనుకవైపు లెక్క కట్టడం నేర్చుకున్నాను. పౌచ్ మీద ప్రోటీన్ 8 శాతం, తేమ 82 శాతం అని ఉంటే, నీరు తీసేయగా మిగిలిన 18లో 8, అంటే 44 శాతం. గుళికల సంచి మీద 32 శాతం అని గొప్పగా కనిపించినా, 10 శాతం తేమ తీసేస్తే అది 36 దగ్గరే ఆగుతుంది.

దెబ్బతిన్న మూత్రపిండాలు భాస్వరాన్ని సరిగా బయటికి పంపలేవు కనుక, మా పిల్లి విషయంలో అసలు చూడవలసింది అదే. దాని అంకె చాలా పౌచ్‌ల మీద అచ్చు వేయరు. రెండు సంస్థలకు ఉత్తరం రాస్తే ఒకటి నాలుగు రోజుల్లో అంకె పంపింది, రెండోదాని నుంచి నేటికీ ఉలుకూ పలుకూ లేదు. రాయల్ కానిన్, హిల్స్, ఫార్మినా వంటి సంస్థలు మూత్రపిండాల జబ్బు కోసమే భాస్వరం తగ్గించి ఆహారం చేస్తున్నాయి; చివరికి వైద్యురాలి సలహాతో ఆ కోవకు చెందినదే ఖాయం చేసుకున్నాము. (మా అత్తగారు మాత్రం ‘పాపం, నోరు చప్పబడింది దానికి’ అంటూ ఎండు నెత్తళ్ళు వేసేవారు. ఉప్పూ, ఎముకల్లోని భాస్వరమూ రెండూ అందులోనే ఉన్నాయని నచ్చజెప్పడానికి నెల పట్టింది. ఉల్లిపాయ, వెల్లుల్లి తగిలిన పులుసుముక్క పిల్లికి విషమన్న సంగతి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.)

మందు ఆహారం రుచి మల్లికి నచ్చలేదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని కూర్చోవడం పిల్లి దగ్గర ప్రమాదం. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. పాత ఆహారంలో ఒక చెంచా చొప్పున కలుపుతూ పూర్తిగా మార్చడానికి మూడు వారాలు పట్టింది. దానికి రెండు దవడ పళ్ళు తీయించాము కనుక గ్రేవీ రకం పెడితే రసం నాకి ముక్కలు వదిలేసేది. మెత్తని ముద్దగా ఉండే రకాన్ని రెండు చెంచాల గోరువెచ్చని నీటితో పలచన చేశాక గిన్నె ఖాళీ కావడం మొదలైంది. వయసుతో పాటు వాసన పట్టే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన పౌచ్‌ను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెట్టి, ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దగ్గరకు తెచ్చి పెడుతున్నాను. ఇన్ని ప్రయోగాలలో ఖర్చు లేనిదీ, అన్నిటికంటే ఎక్కువ పనిచేసిందీ ఇదే.

విజయవాడ వేసవిలో తడి ఆహారం గంటకు మించి బయట ఉంచకూడదు. చీమల కోసం గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టడం ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక ఖర్చు. మామూలు పౌచ్‌తో పోలిస్తే ఈ పౌచ్ నాకు మూడు రెట్లు పడుతోంది. పూర్తిగా దాని మీదే నడిపితే నెలకు 9 వేలు దాటుతుంది, అది మా వల్ల కాలేదు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 క్యాలరీలు కావాలి. రోజుకు ఒక పౌచ్ పెట్టి, మిగతాది అదే కోవకు చెందిన గుళికలు 30 గ్రాములు నీళ్ళలో నానబెట్టి ఇస్తే లెక్క సరిపోతోంది, నీరూ వెళుతోంది, ఖర్చు ఆరు వేల లోపు ఆగుతోంది. ఏ సంస్థదో చెప్పకపోవడానికి కారణం ఒకటే: ఒక పిల్లి నాలుక ఇంకో పిల్లికి సాక్ష్యం కాదు.

వంటింటి తక్కెడ మీద టబ్బు పెట్టి ప్రతి నెలా ఒకటో తేదీన దాన్ని తూచి రాస్తున్నాను. మూడేళ్ళలో బరువు 3.8కీ 4.1కీ మధ్యే తిరిగింది. పోయిన నెల క్రియాటినిన్ 2.4, అంటే ఇంకా రెండో దశే. ఇది కేవలం ఆహారం వల్లేనని నేను చెప్పలేను, మందులూ వాడుతున్నాము. ఈ మధ్య వచ్చిన పెట్టెలో ముద్ద కాస్త గట్టిగా ఉంది. మల్లి మొదటి రోజు మూతి తిప్పుకుని, రెండో రోజు తిన్నది. అప్పటి నుంచి 12 పౌచ్‌ల పెట్టెకు మించి ఒకేసారి కొనడం మానేశాను.