నడక నేర్చే పాపతో యార్క్, ఎడిన్‌బరా: బస ఎంచుకునే ముందు రేడియేటర్ చూడండి

చలికాలంలో చంటిపిల్లతో బ్రిటన్ వెళ్లేవాళ్లు బస బుక్ చేసేటప్పుడు స్టేషన్ ఎంత దూరం, వంటగది ఉందా అని అడుగుతారు. గదిని వెచ్చబరచడానికి గోడకు బిగించే వేడినీళ్ల రేకులు, అంటే రేడియేటర్ల గురించి ఎవరూ అడగరు. ముందు అడగాల్సింది అదే.

లండన్ హోటల్ రాత్రికి 134 పౌండ్లు. వేడిగాలి పైకప్పు నుంచే వస్తుంది, పాప చేతికి అందేదేమీ లేదు. హాయిగా గడిచింది.

యార్క్‌లోనే ఒళ్లు మండింది. పాతకాలపు ఇల్లు, రాత్రికి 118 పౌండ్లు, శుభ్రం చేసినందుకు మరో 45. పాప కాట్‌ను కిటికీ కింద రేడియేటర్‌కు ఆనించి వేశారు. ఆ రేకు మీద పెద్దవాళ్ల అరచెయ్యే నిలవడం లేదు. గోడ పట్టుకుని అడుగులేసే పిల్లకు సరిగ్గా దాని పై అంచే చేతికందుతుంది. అత్తమ్మ పాపను ఒళ్లోంచి దింపనేలేదు. యజమానికి మెసేజ్ పెడితే, "పక్కనున్న నాబ్ 2కి తిప్పండి, సరిపోతుంది" అని జవాబు. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పుడు సలహా.

ఆ నాబ్ కొలిచేది గదిలో గాలి వేడిని. 3 మీద పెడితే గది సుమారు 20 డిగ్రీలకు వచ్చాక వాల్వ్ మూసుకుంటుంది. అప్పటిదాకా బాయిలర్ (ఇంటికంతా నీళ్లు కాచే యంత్రం) పంపే నీళ్లే లోపల తిరుగుతాయి. అవి 75 డిగ్రీలుంటే రేకూ 70కి అటూఇటూ కాలుతుంది. 2కి తిప్పితే తొందరగా ఆగుతుంది, అంతే. తెల్లవారుజామున గది చల్లబడి ఉంటుంది కాబట్టి 2 మీదా భగభగలాడుతుంది. రేకు వేడి తగ్గాలంటే బాయిలర్ దగ్గరే తగ్గించాలి. ఆ ఇంట్లో బాయిలర్ గదికి తాళం! ఇక మిగిలింది పాప గదిలో నాబ్ పూర్తిగా 0కి తిప్పేసి, కాట్ దూరంగా జరిపి, తలుపు తెరిచి పక్కగది వేడి రానివ్వడం. చంటిపిల్ల పడుకునే గదికి 16 నుంచి 20 డిగ్రీలు చాలు.

రేడియేటర్ మీద దుప్పటి కప్పకండి. నాబ్ చుట్టూ వేడి చిక్కుకుని, గది వెచ్చబడకముందే వాల్వ్ మూసుకుంటుంది. నాబ్ తల మాత్రం ఊడదీయొద్దు. తల లేకపోతే వాల్వ్ పూర్తిగా తెరుచుకుని, రేడియేటర్ ఇక ఆగదు.

ఎడిన్‌బరా ఫ్లాట్ 126 పౌండ్లు, ప్రతి పెన్నీకీ తగినది. యజమానురాలు రాకముందే పాప వయసు అడిగారు. బాయిలర్ వంటగది అల్మారాలో ఉంది, దానికి రెండు నాబ్‌లు. రేడియేటర్ బొమ్మ ఉన్నదాన్ని 55కి, కొళాయి బొమ్మ ఉన్నదాన్ని 48కి తిప్పి చూపించారు. గది వెచ్చబడటం ఆలస్యమవుతుంది, అందుకే హీటింగ్ గంట ముందే వేసుకోమన్నారు. గ్యాస్ కూడా ఆదా, ఎందుకంటే తిరిగొచ్చే నీళ్లు చల్లగా ఉంటేనే కండెన్సింగ్ బాయిలర్ పొగలోని వేడిని పట్టుకోగలదు. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లలో మాత్రం ఇలా తగ్గించకూడదు. ట్యాంకు 60 డిగ్రీలకు చేరకపోతే ఊపిరితిత్తులకు సోకే లెజియోనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

55 పెట్టినా రేకు సురక్షితమైపోదు. పాప చెయ్యి వెనక్కి లాక్కోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది, అంతే. బ్రిటన్ ఆసుపత్రుల్లో రేకు 43 డిగ్రీలు దాటకూడదని నియమం. ఇళ్లలో ఆ పని రేడియేటర్‌కు అడ్డంగా పెట్టే గార్డు చెయ్యాలి. ఎడిన్‌బరా ఫ్లాట్‌లో గార్డును గోడ కొక్కేలకు తగిలించారు. ఊరికే నిలబెడితే పిల్ల పట్టుకుని లాగినప్పుడు మీద పడుతుంది. నేలలోంచి వాల్వ్‌కు వచ్చే గొట్టాలకూ ఫోమ్ తొడిగారు. పాకే పిల్లకు ముందు తగిలేవి ఆ గొట్టాలే, పెద్దల కంటికి ఆనవు. స్నానాలగదిలో తువ్వాళ్ల రేడియేటర్‌కు చాలా ఇళ్లలో ఆ నాబే ఉండదు, హీటింగ్ నడిచినంతసేపూ కాలుతూనే ఉంటుంది. ఆ తలుపు మూసే ఉంచండి.

బుక్ చేసే ముందు ఈ మూడూ రాసి అడగండి: బాయిలర్ మాకు అందుబాటులో ఉంటుందా, ట్యాంకు ఉందా, కాట్ ఎక్కడ వేస్తారు. జవాబు దాటవేస్తే ఇంకో ఇల్లు చూసుకోండి.

చెయ్యి కాలితే టూత్‌పేస్టు, పసుపు, ఐస్ ఏవీ వద్దని అత్తమ్మలకు ముందే చెప్పి ఉంచండి. చల్లటి కొళాయి ధార కింద 20 నిమిషాలు పట్టుకోవాలి, పాప ఒళ్లు మాత్రం వెచ్చగా ఉంచాలి. ముఖం మీద గానీ చేతుల మీద గానీ బొబ్బ లేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సలహాకు 111కి, ప్రాణాపాయమైతే 999కి ఫోన్ చెయ్యండి.