నల్లేరు మీద నడకే, డీజిల్ సంగతి మాత్రం వేరు

నాలుగేళ్లు, 1,10,000 కిలోమీటర్లు. అందులో దాదాపు మూడో వంతు వెనుక ట్రైలర్ తగిలించుకుని తిరిగినవే. నా డీజిల్ పికప్ ట్రక్కు ఇంజను ఎంత, టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఎంత అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. బరువు లాగేటప్పుడు మైలేజీ ఏమవుతుందన్నదే నా గొడవంతా.

కొత్తలో ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ని: "వెనక ట్రైలర్ ఉందన్న సంగతే తెలియదు." నాకు ముందున్న పెట్రోల్ ట్రక్కు ఏ చిన్న ఎత్తు వచ్చినా రెండు గేర్లు దించి, నాలుగు వేల ఆర్పీఎంలో అరుచుకుంటూ ఎక్కేది. ఇది అదే ఎత్తును గేరు మార్చకుండా, గుర్రుమంటూ ఎక్కేస్తుంది. అచ్చంగా నల్లేరు మీద బండి నడక. ఆ మాట ఇవాళ్టికీ అబద్ధం కాదు. కాకపోతే అది మెచ్చుకోలా, ఫిర్యాదా అని ఇప్పుడు అడిగితే వెంటనే చెప్పలేను.

నా దగ్గర రెండు ట్రైలర్లున్నాయి. ఒకటి చదునైనది, దాని మీద మినీ ఎక్స్‌కవేటర్ ఎక్కిస్తే మొత్తం నాలుగున్నర టన్నులు. రెండోది నిలువెత్తు పెట్టెలాంటి మూత ట్రైలర్, సామాను నింపినా మూడు టన్నులు దాటదు. ఖాళీ ట్రక్కు హైవే మీద లీటరుకు 9 కిలోమీటర్ల వరకు ఇస్తుంది. గంటకు 95 వేగంలో చదును ట్రైలర్‌తో 5.4 వస్తోంది. మరి తేలికపాటి పెట్టె ట్రైలర్‌తో? 4.5. మొదటిసారి లెక్క తప్పేశాననుకుని మళ్లీ వేశాను. డ్యాష్‌బోర్డు చెప్పింది కాదు, ట్యాంకు నింపి పంపు దగ్గర కట్టిన లెక్క. డ్యాష్‌బోర్డు అంకె నా ట్రక్కులో ఎప్పుడూ ఆరేడు శాతం ఎక్కువే చూపిస్తుంది. అది చూసి సంతోషపడొచ్చు గానీ లెక్క కట్టకూడదు.

చదునైన రోడ్డు మీద ఒకసారి వేగం అందుకున్నాక బరువు తినేది తక్కువే, గాలి తినేదే ఎక్కువ. బరువు తన వాటా వసూలు చేసుకునేది ఎత్తుల్లోనూ, ఆగి బయల్దేరినప్పుడూ. గాలి అలా కాదు, ప్రతి మీటరుకీ వసూలు చేస్తుంది. పైగా వేగం పెరిగితే గాలి అడ్డు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 90 నుంచి 105కి పోతే మూడో వంతు కన్నా ఎక్కువే పెరుగుతుంది. ఇక్కడే ఈ ఇంజను నన్ను మోసం చేసింది. పెట్రోల్ బండి అరిచి గోల చేసేది కాబట్టి కాలు తనంతట తానే వెనక్కి వచ్చేది. దీనికి గొంతు లేదు. 90 అనుకుని నడుపుతుంటాను, మీటరు చూస్తే 105. ఆ వేగంలో పెట్టె ట్రైలర్ 3.9కి పడిపోతుంది. 85కి కట్టుబడితే 5 వస్తుంది. అంటే 300 కిలోమీటర్లకు 17 లీటర్ల తేడా, దానికి బదులు 40 నిమిషాలు ఆలస్యం. నేను చాలారోజులు ఆ 40 నిమిషాలు మిగుల్చుకునే వైపే మొగ్గాను. ఇప్పుడు మొగ్గట్లేదు.

అసలు దెబ్బ మూడో ఏట తగిలింది. చదును ట్రైలర్‌తో వచ్చే 5.4 కాస్తా ఒక ట్యాంకులో 4.9, తర్వాతి ట్యాంకులో 4.6 అయింది. నడపడంలో ఏ తేడా లేదు. అదే గుర్రు, అదే నల్లేరు నడక. చలికాలం డీజిల్ అనుకున్నాను, ఎదురుగాలి అనుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఇంజెక్టర్లు పోయాయేమో అన్న టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పుండొకచోట, మందొకచోట.

ఆ రోజు సన్నటి తుంపర పడుతోంది. కాళ్లు చాపుకుందామని ఆగి ట్రైలర్ చుట్టూ తిరిగాను. మూడు చక్రాల రిమ్ముల మీద నీటి చుక్కలు నిలిచి ఉన్నాయి. కుడివైపు వెనక రిమ్ము మాత్రం ఎండలో పెట్టినట్టు పొడిగా ఉంది. వంగి చూస్తుండగానే పైనుంచి జారిన ఒక చుక్క చక్రం నడుమనుండే హబ్ మీద పడి, పెనం మీద పడ్డట్టు చుయ్‌మని పోయింది. కాలిన గ్రీజు వాసన. చెయ్యి దగ్గరికి కూడా తీసుకెళ్లలేకపోయాను. చల్లారాక జాకీ మీద ఎత్తి తిప్పితే పక్క చక్రం నాలుగు చుట్లు తిరిగింది, ఇది సగం తిరిగి ఆగింది.

డ్రమ్ము విప్పితే విషయం తేలింది. అంతకు ముందు ఒక వర్క్‌షాపులో బ్రేకు షూలు మార్పించాను. షూను వెనక్కి లాగాల్సిన స్ప్రింగు సరిగ్గా తగిలించలేదు, అది ఊడి పక్కకు పడి ఉంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ షూ డ్రమ్మును పట్టుకుని అలాగే ఉండిపోతోంది. డ్రమ్ము నీలం రంగుకు తిరిగింది, బేరింగులో గ్రీజు కరిగి బయటికి కారింది. ఇంకో వంద కిలోమీటర్లు పోయుంటే చక్రం దానిదారిన అది పోయేదేమో. రెండు ట్యాంకుల పాటు ఒక చక్రానికి బ్రేకు పట్టే ఉంది, ముందు కూర్చున్న నాకు ఏమీ తెలియలేదు. "ట్రైలర్ ఉందన్న సంగతే తెలియదు" అని నేను పొగిడింది దీన్నే.

బాగుచేశాక 5.3 దగ్గర నిలబడింది. అప్పటినుంచి ఎక్కడ ఆగినా నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూస్తాను. మైలేజీ అంకె ఇప్పుడు నాకు ఖర్చు లెక్క కాదు, జ్వరం చూసే థర్మామీటరు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ట్రైలర్ లాగేటప్పుడు వాడే టో మోడ్ తప్పక వేసుకోండి, గేర్లు ఊరికే మారకుండా ఉంటాయి, దిగుడులో ఇంజను పొగను అడ్డగించి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు బాగా ఆపుతుంది. పొగను శుభ్రం చేసే డెఫ్ అనే యూరియా ద్రవం ఖర్చు బరువు లాగినప్పుడు ఎక్కువే అవుతుంది, దాన్నీ ఖర్చులో కలపాలి. విచిత్రమేమంటే మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ బరువు లాగినన్నాళ్లూ నోరెత్తదు, పొగ వేడికే మసి కాలిపోతుంది. నెలరోజులు ఖాళీగా, దగ్గర దగ్గర పనులకు తిప్పితేనే అది మొరాయించి, మసి కాల్చడానికి అదనంగా డీజిల్ తాగుతుంది.

అందుకే ఎవరికైనా కొనమని గట్టిగా చెప్పలేను. నాకు వారానికి రెండుసార్లు ట్రైలర్ పని ఉంటుంది, దారిలో ఎత్తులున్నాయి, కాబట్టి నాకు గిట్టింది. ఏడాదికి నాలుగైదు సార్లే లాగేవాళ్లకు పెట్రోల్ బండి అరుపులే చవకేమో. నేనైతే ట్రక్కును ఉంచుకుని, పెట్టె ట్రైలర్‌ను అమ్మకానికి పెట్టాను. దాని బదులు ఎత్తు తక్కువ ఉన్నది ఒకటి చూస్తున్నాను.