ఎడమ భుజం లేకపోయినా చీర కట్టొచ్చు: నెల్లూరులో ఒక జాకెట్ల షాపు గురించి

ట్యూమర్ వల్ల నాకు ఎడమ చెయ్యి ఒక్కటే కాదు, రెక్క ఎముక, కాలర్ బోన్ కూడా తీసేశారు, అంటే మెడ దగ్గర నుంచి పక్కటెముకల దాకా ఏటవాలుగా జారిపోయినట్టే ఉంటుంది. ఇట్లా తీసేసినవాళ్ళకి వైకల్యం సర్టిఫికెట్‌లో 100 శాతం అని రాస్తారు (చెయ్యి భుజం కీలు వరకే తీసేస్తే 90), బాగానే ఉంది, పైట ఎక్కడ నిలబెట్టుకోవాలో మాత్రం ఆ సర్టిఫికెట్‌లో ఉండదు కదా. మనం పైట వేసేదే ఎడమ భుజం మీద. కుడి పక్కకి మార్చుకోమ్మా అని సలహా ఇచ్చేవాళ్ళు బోలెడంతమంది. ఉన్న ఒక్క చేతి మీదకే పైట వేస్తే, ఆ చెయ్యి ఎత్తిన ప్రతిసారీ జారుతుంటే, పొయ్యి దగ్గర గరిటె తిప్పేదెట్లా?

అందుకని ముందు భుజం క్యాప్ చేయించుకున్నా. ఒంటికి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చు తీసి, దాన్నిబట్టి తేలికపాటి ఫోమ్‌ని భుజం ఆకారంలో చెక్కి ఇస్తారు, కుడి చంక కింద నుంచి ఒక ఎలాస్టిక్ బెల్టు చుట్టుకొస్తుంది. మొత్తం పెట్టుడు చెయ్యే పెట్టించుకోమన్నారు గానీ భుజం, మోచెయ్యి, మణికట్టు మూడూ లేనప్పుడు అది నాకైతే ఛాతీకి వేలాడే బరువే, బీరువాలో పడుంది. క్యాప్ అట్లా కాదు, వేసుకున్న సంగతే గుర్తుండదు. చేసిన చోట మాత్రం అంచులు మందంగా వదిలేశారు, కుట్ల మచ్చ మీద ఒరుసుకుని ఎర్రగా కందిపోతోందంటే ‘అలవాటవుతుందమ్మా’ అని పంపించేశారు. వాళ్ళ గురించి ఇంక రాయను.

అసలు చెప్పాల్సింది చిన్నబజారు దగ్గర సందులో ఉన్న జాకెట్ల షాపు గురించి. భార్యాభర్తలు ఇద్దరూ కుడతారు, కొలతలు ఆవిడే తీస్తుంది. క్యాప్ తీసి చేతిలో పెడితే కంగారు పడలేదు, అయ్యో పాపం అనలేదు, తిప్పి చూసి ‘అక్కా, పిన్నీసు పెడితే ఇది చిరిగిపోద్ది కదా’ అంది. నిజమే, పిన్నీసు ఫోమ్‌లోకి దిగుతుంది గానీ నిలవదు, పైట బరువుకి కోసుకుంటూ బయటకొచ్చేస్తుంది. ఆవిడేం చేసిందంటే జాకెట్ భుజం కుట్టు మీద వేలెడంత పట్టీ కుట్టి, దాని కొసకి ప్రెస్ బటన్ పెట్టింది. పైట మడతలు పట్టీ కింద దూర్చి బొటనవేలితో నొక్కితే టక్కున పట్టుకుంటుంది, ఒక్క చేత్తో అయిపోతుంది. జాకెట్ లోపల క్యాప్‌కి ఒక జేబులాంటిది కుట్టింది, దాంతో క్యాప్ వీపు వైపుకి తిరిగిపోవడం మానేసింది. ముందు హుక్కులు తీసేసి పక్కన జిప్పు వేసింది. ఎడమ చేతి గుడ్డని లోపలికి మడిచి కుట్టింది, ఖాళీగా ఊగదు.

ఇంకోటి, ఎండలు. చెయ్యీ భుజం పోయాక చెమట పట్టే చర్మం తగ్గుతుంది, అందుకే మిగతా ఒళ్ళు ఎక్కువ చెమట కక్కుతుంది. రోహిణి కార్తెలో మన నెల్లూరులో ఫోమ్ ఒంటికి ఆనించుకుంటే చెమటకాయలే. నూలు గుడ్డతో తొడుగులు కుట్టమంటే రెండు కుట్టిచ్చింది, ఒకటి ఉతికితే ఇంకోటి. పట్టు చీరల మీదకి అయితే ఆ పట్టీ కొంచెం కనపడుతుంది, అదే రంగు గుడ్డ మనమే తీసుకెళ్ళాలి.

క్యాప్ పెట్టుకుంటే లేని చేతి నొప్పి (తీసేసిన చెయ్యి ఇంకా ఉన్నట్టే పుట్టే నొప్పి) తగ్గుతుందా అని ఒకరు అడిగారు. నాకు తగ్గలేదు, దానికి డాక్టర్ దగ్గరికే పోవాలి. మెడ ఒక పక్కకి ఒరగడం కూడా దీంతో ఆగదు, ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు అద్దం ముందు నిలబడి చేసుకోవాల్సిందే. పైట నిలబెట్టడం, బస్సులో పక్కవాళ్ళు తేరిపార చూడకుండా ఉండటం, ఇంతవరకే దీని పని.

మామూలు కూలీ మీద కొంచెం ఎక్కువ తీసుకుంటారు, ఆ పనికి అది ఎక్కువేం కాదు. పాత జాకెట్లు కూడా మార్చిస్తారు, కాకపోతే లోపల మడత గుడ్డ ఉన్నవే తీసుకెళ్ళండి. శ్రావణమాసంలో వెళ్తే మాత్రం ఆవిడకి తలెత్తే తీరిక ఉండదు. ట్రయల్ రూమ్ అంటే పరదా ఒక్కటే, దాన్ని పట్టుకోవడానికి నాలాంటివాళ్ళకి ఇంకో చెయ్యి ఉండదు కాబట్టి తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి. ఆ పరదా వల్లే ఒక స్టార్ తగ్గించా, ఐదుకి నాలుగు.